ముడి విప్పిన వేళ్లు

అది కార్తీక బహుళ షష్ఠి. ఆనాడు తమాలుడు కంద బచ్చలి కూర, ఆవపెట్టిన అరటికాయ, నువ్వుల పచ్చడి, ఐదు మినపగారెలు తిని చివర మజ్జిగన్నం కలుపుకున్నాడు. అది అతని భార్య చెంగలువ కర్మభోజనం. వండింది చెంగలువే. అతను తింటున్నప్పుడు ఆమె ఎదురుగా, ఏటి మధ్యలో, పడవలో కూర్చుని ఉంది.

శోణపురంలో ఆచారం అటువంటిది. ఆ రాజ్యపు రాజులు తాము సూర్యుడి బిడ్డలమని చెప్పుకొంటారు. ఒంటి మీద బొల్లిమచ్చ పుట్టిందంటే సూర్యుడు ఆ మనిషిని వదిలేశాడని అక్కడివాళ్ల నమ్మకం. సూర్యుడు వదిలేసినవాళ్లను మనుషులు దగ్గర ఉంచుకోకూడదు. మచ్చ బయటపడ్డాక ఎనిమిది రోజులు చీకటిగదిలో పెడతారు. తొమ్మిదోనాడు ఆ మనిషి తన కర్మభోజనం తన చేత్తోనే వండి, విస్తళ్లు పరిచి, గవ్వలేటి రేవుకు నడిచి వెళ్లాలి. అక్కడ కొత్తకుండ పగలగొట్టి వెన్నెలదిబ్బ అనే దీవికి పడవ ఎక్కిస్తారు. పడవ కదిలాక ఇంటివాళ్లు రేవు పందిట్లో భోజనానికి కూర్చుంటారు. విస్తట్లో మెతుకు మిగిలితే పోయినవాళ్లు ఆకలితో తిరుగుతారట. అందుకని తమాలుడు మెతుకు మిగల్చలేదు.

చెంగలువ మచ్చ మోచేతి మీద చింతగింజంత ఉండేది. అంతే.

పడవ సగం ఏరు దాటాక నీళ్ల మీదుగా ఆమె గొంతు వినిపించింది. "మావా! మజ్జిగలో ఉప్పెయ్యడం మరిచిపోయా! ఏసుకో!"

పోయినవాళ్ల మాట వినకూడదు. పందిట్లో వాళ్లంతా తలలు వంచుకున్నారు. పోయినవాళ్లను మాట్లాడనివ్వకూడదు కూడా. కానీ పడవవాడు తెడ్డు గట్టిగా వేస్తూ ఏమీ విననట్టు అటు తిరిగాడు. తమాలుడు ఉప్పు అడిగి వేసుకున్నాడు.

తమాలుడు వైద్యుడు. ఆ రోజు నుంచి ఊరు అతన్ని 'భార్య పోయిన వైద్యుడు' అనసాగింది. అతను ఆ మాటకు అడ్డు చెప్పలేదు. ప్రతి సాయంత్రం రేవు దిగువ గట్టు మీద వంగి బావంచాలు ఏరుకునేవాడు. గట్టు నిండా మొలిచే చిన్న మొక్క అది. గింజలు నల్లగా, బుల్లి చిక్కుడుగింజల్లా ఉంటాయి. బొల్లికి బావంచాలు మందని పాత వైద్యులందరికీ తెలుసు. కానీ ఆ మందు ఒకరికి బొబ్బలెక్కించేది, ఇంకొకరికి ఏమీ చేసేది కాదు. ఎందుకన్నది ఎవరికీ అంతుపట్టలేదు.

కొండల్లో కంబళి కింద మచ్చ దాచుకుని బతుకుతున్న మొండెన్న అనే గొర్రెల కాపరి తన మోకాలును తమాలుడికి అప్పగించాడు. మొదటి ఏడాది ఆ మోకాలు పడని పాట్లు పడింది.

"నీ మందు మన్నుగొట్టుకుపోను! మచ్చను పొమ్మంటే తోలే పోయిందయ్యా!" అని మొండెన్న గొర్రెలు బెదిరిపోయేలా అరిచేవాడు. మర్నాడు మళ్లీ తనే మోకాలు చాపేవాడు.

రెండో ఏడాదికి తమాలుడు గింజల్ని ఏడు రోజులు అల్లం రసంలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, చండ్రచెక్క కషాయంతో నూరి, నువ్వుల నూనెలో కాచడం నేర్చాడు. మూడో ఏడాదికి అసలు రహస్యం తెలిసింది. బావంచాలు ఒంటరిగా పనిచేయవు. పూసిన చోట పొద్దుటెండ పడాలి. ఎండ తక్కువైతే మందు నిద్రపోతుంది, ఎక్కువైతే చర్మాన్ని కాలుస్తుంది. ఎన్ని తరాలుగానో మచ్చకు మందు పూసి మనిషిని చీకటిగదిలో పెడుతూ వచ్చింది శోణపురం!

ఎండకు కొలత చెంగలువ దంపుళ్ల పాట. ఆమె ఎప్పుడూ ఒకే నడకలో పాడేది. మొదటి నాలుగు రోజులు ఒక చరణం సేపు ఎండ, తరువాతి నాలుగు రోజులు రెండు చరణాలు. అలా పెంచుకుంటూ పోతే, ఒకనాటి పొద్దున మొండెన్న మోకాలి తెలుపులో వెంట్రుకల మొదళ్ల దగ్గర నువ్వుగింజలంత నల్లచుక్కలు పొడిచాయి. ఆ రోజు కాపరి అరవలేదు. మోకాలును చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు.

రేవులో ఒక పాత శాసనం ఉంది. 'సూర్యుడు తిరిగి ముట్టినవారు, నువ్వుగింజంత రంగు వచ్చినా, బతికినవారే. వారికి గడప తెరవవలెను' అని దాని మీద చెక్కి ఉంది. ఆ గడప తెరిచిన సందర్భం ఇంతవరకూ రాలేదు.

తమాలుడు గవ్వసున్నాన్ని పనసబంకలో రంగరించి ఒళ్లంతా మచ్చలు దిద్దుకున్నాడు. రెండు సొరబుర్రల నిండా లేపం పోసి, దీపానికి నూనె అని చెప్పుకొంటూ రేవుకు బయలుదేరాడు.

రేవు కావలివాడు బసవన కొబ్బరిపీచు నీళ్లలో ముంచి అతని మచ్చల్ని బరబరా రుద్దాడు. "ఏమనుకోబాకయ్యా. పోయిన నెల ఒకడు పెళ్లాంతో వేగలేక సున్నం పూసుకొనొచ్చాడు. నీళ్లు పడంగానే కారిపోయింది. ఇంటికి తోలితే కాళ్లు పట్టుకొని ఏడ్చాడు."

పనసబంక నీళ్లకు లొంగదు, నూనెకే లొంగుతుంది. మచ్చలు చెక్కుచెదరలేదు.

"నీ ఎనక ఎవరూ రాలేదే? కుండ ఎవరు కొడతారు?"

"ఎవరూ లేరన్నా."

బసవన తన మంచినీళ్ల కుండలో నీళ్లు పారబోసి, అదే తెచ్చి రాతి మీద కొట్టాడు. "పో నాయనా. ఎవరూ లేనోడివి అనిపించుకోబాక" అన్నాడు.

వెన్నెలదిబ్బ చుట్టూ ధవళనక్రం అనే తెల్లమొసలి తిరుగుతుంటుంది. తాటిమానంత ఒళ్లు, చలువరాతి పొలుసులు, గాజుకళ్లు. చీకటిగదిలో, మంచు కింద చల్లబడిన ఒంటిని అది ముట్టదు, ఎండ తగిలిన వెచ్చటి ఒళ్లు పసిగడితే వదలదు. రంగు దాచుకున్నంత తేలిగ్గా తమాలుడు వెచ్చదనాన్ని దాచుకోలేకపోయాడు. పడవవాడు ఎప్పటిలాగే మొసలి తిరిగే నీళ్లు రాకముందే తెడ్డు అతని చేతికిచ్చి వెనక్కి ఈదుకుపోయాడు. పడవ ఒడ్డుకు బారెడు దూరంలో ఉండగా నీళ్లు రెండుగా చీలాయి. మొసలి తోక దెబ్బకు పడవ గాల్లోకి లేచింది. తమాలుడు మోకాలి లోతు నీళ్లలో పడి పరుగెత్తాడు. వెనక దవడలు టప్పున మూసుకున్నాయి. వాటి మధ్య ఒక సొరబుర్ర పగిలింది. రెండో దవడకాటు పడేలోగా ఒడ్డు మీంచి కొండలాంటి మనిషి ఒకడు దూకి, అతని జుట్టు పట్టి ఇసుకలోకి విసిరేశాడు.

"మూడేళ్లుగా ఈడ ఈత కొడతన్నా, నన్ను వాసనైనా చూడలా. నువ్వెందుకు రుచించావురా దానికి?" అన్నాడు ఆ మనిషి. అతని పేరు బంతిమల్లు. ఒకప్పుడు రాజుగారి కొలువులో మల్లుడు. మీసం ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు.

తమాలుడు తల ఎత్తి చూశాడు. వెన్నెలదిబ్బ అంత అందమైన చోటు మరొకటి ఉండదు. అంత దిగులు పుట్టించే చోటూ ఉండదు. ఆకాశం ఉండాల్సిన చోట పాలమీగడ పరిచినట్టు మంచుదుప్పటి కప్పి ఉంది. దాని కింద కొబ్బరాకులు వెండిరేకుల్లా వేలాడుతున్నాయి. గడ్డి ముత్యాల రంగు, నెమళ్లు శంఖాల రంగు. చెట్టుకు గాని మనిషికి గాని నీడ లేదు. ఎప్పుడు తెల్లవారిందో తెలియక కోళ్లు తోచినప్పుడల్లా కూస్తున్నాయి.

ఆ దుప్పటి హిమజ్వాలుడనే మాంత్రికుడిది. ఏటి మీది పొగమంచును వాడు మంత్రంతో నూలుగా లాగుతాడు. దీవిలోని రెండువందల మందీ ఆ నూలు వడికి వలువలు నేస్తారు. వాటిని వాడు దేశదేశాల రాణులకు పంపుతాడు. మిగిలిన నూలుతో దీవివాళ్ల చేతనే దుప్పటి నేయించి దీవికి కప్పాడు. తమ నెత్తి మీది చీకటిని తామే నేసుకుంటున్నారు వాళ్లు. ఏడాదికొకసారి మాంత్రికుడు మంచుగుహలో మండలం, అంటే నలభై రోజులు, యోగనిద్రకు పోతాడు. తమాలుడు వచ్చేనాటికి ఆ నిద్ర మొదలై ఒక్క రోజైంది.

"చెంగలువ ఎక్కడ?" అని అడిగాడు తమాలుడు.

బంతిమల్లు నవ్వు ఆపి, దీవి మధ్యలో తాటిబొందలతో కట్టిన ఎత్తైన మంచె వైపు చెయ్యి చాపాడు. ముడిమంచె అది. తెగిన పోగులకు, దుప్పటి పన్నాల అంచులకు అక్కడే ముళ్లు వేస్తారు.

ఆమె నిచ్చెన దిగుతూ అతన్ని చూసింది. మొహం దీపంలా వెలిగింది. "నీకూ వచ్చిందా మావా!" అంది. అలా అన్న మరుక్షణమే చెంపలు వాయించుకుంది. "ఎంత మాట అన్నా! నా నోరు పడిపోను!"

తమాలుడు మిగిలిన సొరబుర్రలోంచి రెండు చుక్కల నూనె తీసి ముంజేతి మీది సున్నం తుడిచి చూపించాడు.

చెంగలువ అతని చర్మం వైపు చాలాసేపు చూసింది. "బాగానే ఉన్నావు అయితే. మంచిది. మంచిదేలే" అంది. ఆ ఒక్క క్షణపు సంతోషం ఎటు పోయిందో ఇద్దరూ చూడనట్టే ఉండిపోయారు.

అప్పుడు అతను ఆమె చేతులు పట్టుకున్నాడు. వేళ్ల కొసలు పదీ తెల్లబడ్డాయి. పెదవులూ తెల్లబడ్డాయి. మంచుపోగు కొస పెదవుల మీద తడిపి, వేళ్ల మధ్య పురి పెడితే తప్ప ముడి పడదు. ముడి పడిన ప్రతిసారీ అది కొంచెం రంగు తాగుతుంది. వెంట్రుక మొదలు నుంచే రంగు పుడుతుందని తమాలుడు మొండెన్న మోకాలి దగ్గర నేర్చుకున్నాడు. వేలికొసకు వెంట్రుక లేదు, పెదవికీ లేదు. ఆ చోట్లకు తన మందు ఎప్పటికీ చేరదు. అయినా మోచేతి మీది పాత మచ్చ చింతగింజంతే ఉంది, దాని మీద నూగు నల్లగానే ఉంది. ఒక్క నువ్వుగింజంత రంగు చాలు. గడప తెరుచుకుంటుంది. అతని గుండె ఆ చిన్న జాగాలో కాలు నిలదొక్కుకుంది.

మొసలి నోట్లో పోయింది పోగా, ఉన్న లేపం పన్నెండు మందికి సరిపోతుంది. చెంగలువ కాక మిగతావాళ్లను దీవివాళ్లే ఏరారు. బంతిమల్లు, గువ్వలమ్మ అనే ముసలామె, ఇంకా తొమ్మిదిమంది. మరి ఎండ?

"మంచుముడి ఏసిన వేళ్లకే విడుద్ది. ముళ్లన్నీ నేనేసినవే" అంది చెంగలువ. "పొద్దున్నే నాలుగు ముళ్లిప్పితే వాకిలంత ఎండ పడుద్ది. మళ్లా ఏసేస్తే గుహలోవాడికి తెలవదు."

మర్నాడు ఆమె మంచె ఎక్కి, మొదటి ముడిని పెదవులతో తడిపి విప్పింది. మీగడ చిరిగినట్టు ఆకాశం చిరిగింది. చీర పన్నంత వెడల్పున పచ్చటి ఎండ వచ్చి వాకిట్లో పడింది. ఎవరూ కేకలు వేయలేదు. ఒక ముసలాయన వంగి తన నీడను చేత్తో తడిమాడు. కోళ్లన్నీ ఒక్కసారిగా కూశాయి. పన్నెండుమందీ మచ్చలకు లేపం పూసుకుని ఎండలో కూర్చున్నారు. చెంగలువ మాత్రం పైన మంచె మీదే, చిరుగు అంచున మోచెయ్యి చాపి కూర్చుంది. తమాలుడు నేర్పిన పాటను గువ్వలమ్మ అందుకుంది.

"పోటు మీద పోటెయ్యి వదినా,
పొద్దు మన వాకిట్లో నిలిచే వదినా..."

చరణం ముగిసింది. చెంగలువ ముడి వేసింది. ఎండ ఆరిపోయింది.

మాంత్రికుడి నిద్రకు పద్దెనిమిదో పొద్దున తమాలుడు మంచె ఎక్కి ఆమె మోచెయ్యి చూశాడు. తెలుపులో రెండు నల్లచుక్కలు. అందరికంటే ముందు ఆమెకే పొడిచాయి. అతను వాటిని లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు.

"రెండేగా మావా! ఏదో మూట దొరికినట్టు ఎన్నిసార్లు లెక్కపెడతావు?" అని చెంగలువ నవ్వింది. ఆ నవ్వు విని మూడేళ్లయింది.

ఇరవయ్యో రోజున దీవివాళ్లు తప్పు చేశారు. మరెవరైనా అయితే ఆ తప్పు చేసేవాళ్లు కారు. ఆనాటి లెక్క ఐదు చరణాలు. ఐదూ అయ్యాయి. అప్పుడు గువ్వలమ్మ తల ఎత్తి ఎండను చూసింది. ఏళ్ల తరబడి మొహం మీద పొద్దు పడని మనిషి. ఆమె నోట ఆరో చరణం దానంతట అదే వచ్చింది. అది పాటలో లేనే లేదు. ఆమే కట్టింది.

"పోబాకే పోబాకే పొద్దా,
పోయినోళ్లం మేము పొయ్యేది యాడికే..."

వాకిట్లోవాళ్లంతా ఆ చరణాన్ని ఎత్తుకున్నారు. ఏడో చరణం ఇంకొకరు కట్టారు. మంచె మీద చెంగలువకు పాట ఆగలేదు కాబట్టి ముడి వేయకూడదనిపించింది. తమాలుడు "ఆపండి! కాలిపోతారు!" అని అరుస్తూనే ఉన్నాడు. పాట అతని గొంతును మింగేసింది. ఎండ వాకిలి దాటి ఏటి ఒడ్డుకు పాకి, నీళ్లను ముట్టింది.

నీళ్లు భళ్లున పగిలాయి. వీపు మీద వెచ్చదనం తగిలిన ధవళనక్రం ఒడ్డెక్కి, మగ్గాలు పిండి చేసుకుంటూ వాకిట్లోకి దూసుకొచ్చింది. గువ్వలమ్మ దాని దారికి అడ్డంగా ఉంది. బంతిమల్లు నేతమగ్గం దూలం పీకి, దవడల మధ్యకు దూరి నిలువునా గుచ్చాడు. "నములు, నీయమ్మ! ఇది టేకు!" అని అరిచాడు. మొసలి విదిలించింది. మల్లుడు అల్లంత దూరాన పడి మళ్లీ లేచాడు. దూలం పెళపెళలాడుతోంది. మంచె మీద చెంగలువ నాలుగు ముళ్లు వేయాల్సిన చోట పది ముళ్లు వేసింది. పెదవులు, వేళ్లు, ముంజేతులు అన్నీ మంచుపోగులో ముంచి బిగించింది. ఎండ ఠక్కున తెగిపోయింది. చల్లబడిన మొసలి దారి మరిచినదానిలా తల ఊపి, దూలాన్ని నోట్లో పెట్టుకునే ఏట్లోకి జారిపోయింది.

సాయంత్రానికి పదకొండుమందికీ బొబ్బలెక్కాయి. తమాలుడు కలబంద గుజ్జు రాస్తూ మనిషి నుంచి మనిషికి తిరిగాడు.

"నాదే పాపం నాయనా. కొట్టు నన్ను" అంది గువ్వలమ్మ, మొహం నిండా నీటిబొబ్బలతో. "అయితే ఒకటి చెప్తా. మళ్లా పాడమంటే మళ్లా పాడతా."

అతను ఆమెను తిట్టలేకపోయాడు. బొబ్బలు మానేవరకు లేపం ఆపి, మళ్లీ మొదటి చరణం నుంచి మొదలుపెట్టాలి. ఒక్క చెంగలువ చేతికి మాత్రం మంచుపోగు చలువకు బొబ్బలెక్కలేదు, ఆమెకు ఆ అవసరం లేదు. అతను మంచె ఎక్కాడు.

"ఇక ముళ్లిప్పొద్దు. నీకు రెండు చుక్కలొచ్చినయి. రెండు చాలు. మిగతా లేపం నీకే దాచి, వాడు నిద్ర లేచేలోగా దాటిపోదాం."

"వాళ్లకింకా రాలేదుగా."

"వాళ్ల కోసం మళ్లీ వస్తా."

"వచ్చేయేడు దాకా వాడు నిద్రపోడు. అప్పటికి గువ్వలమ్మ ఉంటదా?"

తమాలుడు ఆమె చేతుల వైపు చూశాడు. తెలుపు మణికట్టు దాటి పాకింది. "అసలు ఈ మంచె పని నీకు ఎవరు చెప్పారు? నూలు వడుకుతూ ఉండొచ్చుగా" అన్నాడు కోపంగా. కోపం ఎవరి మీదో అతనికే తెలియదు.

చెంగలువ మంచె మూలకు వేలు చూపించింది. అక్కడ దుప్పటి అంచు కింద జానెడు సందు ఉంది. అందులోంచి ఏరు, ఏటి అవతల శోణపురం రేవు, దిగువ గట్టు కనబడుతున్నాయి.

"నేనే అడిగి తీసుకున్నా. నువ్వు రోజూ సాయంత్రం ఆ గట్టు మీద వంగి ఏదో ఏరుకుంటా కనపడేవాడివి. అన్నం తిన్నాడో లేదో, చిక్కాడో లేదో అని చూసుకునేదాన్ని. ఏంది మావా అంతసేపు ఏరేవాడివి?"

"బావంచాలు" అన్నాడు తమాలుడు.

కింద ఎవరో మగ్గం సరిచేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆరు రోజులకు బొబ్బలు మానాయి. పాట మళ్లీ మొదటి చరణం నుంచి మొదలైంది. ఈసారి ఎవరూ అక్షరం కలపలేదు. చెంగలువ రోజూ ముళ్లు విప్పింది, వేసింది. "రేపు మానేస్తాలే మావా" అని రోజూ అంది. మోచెయ్యి చూపించమంటే, ఎండ పోతోంది తరువాత చూద్దువులే అనేది. చలి అని చెప్పి రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుంది. ముప్పై మూడోనాడు బంతిమల్లు ఛాతీ మీద నువ్వులు చల్లినట్టు చుక్కలు పొడిచాయి. ముప్పై ఏడోనాడు, మిగతావాళ్లందరికీ వచ్చాక, గువ్వలమ్మ చెంప మీద ఒక్కటంటే ఒక్కటి పొడిచింది. అది నిజంగా చుక్కా, మసా అని పదిమంది తుడిచి చూశారు.

నలభయ్యో సాయంత్రం మంచుగుహలోంచి శంఖం మోగింది. యోగనిద్ర విడిచేముందు అది మూడుసార్లు మోగుతుంది. తెల్లవారేసరికి హిమజ్వాలుడు బయటికి వస్తాడు. బంతిమల్లు మగ్గం దూలాలతో కట్టిన తెప్పను రేవులో నిలిపాడు. పదకొండుమంది గుమిగూడారు. తమాలుడు చెంగలువ గుడిసెకు పరుగెత్తాడు.

ఆమె దీపం ముందు కూర్చుని ఉంది.

"లే. తెప్ప సిద్ధంగా ఉంది. చెయ్యి చూపించు."

"చూడబాక మావా."

అతను గుడ్డ విప్పాడు. వేలికొసల నుంచి భుజం దాకా చెయ్యి శంఖంలా తెల్లగా ఉంది. నూగు కూడా తెల్లబడింది. రెండు చుక్కలూ లేవు. అతను ఆ చేతిని దీపం దగ్గరికి తీసుకువెళ్లి, దుమ్ము కింద ఏమైనా ఉందేమోనన్నట్టు బొటనవేలితో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"ఎప్పుడు పోయినయి?"

"ఇరవై తొమ్మిదోనాడు ఒకటి. రెండోది ముప్పై ఆరోనాడు."

"చెప్పలేదే!"

"చెప్తే నువ్వు లేపం దాచేసేవాడివి. గువ్వలమ్మకి అప్పటికింకా రాలా."

తమాలుడు నేల మీద కూర్చున్నాడు. నడుముకు కట్టుకున్న సున్నపు భరిణె తీసి, ముంజేతి మీద మచ్చ దిద్దుకోసాగాడు. "నేనూ ఇక్కడే ఉంటా. నాకూ వచ్చిందనుకో" అన్నాడు.

చెంగలువ ఒక క్షణం ఆ మచ్చ వైపు చూసింది. తరువాత దీపపు ప్రమిదలోంచి వేలితో నూనె తీసుకుని, అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ మచ్చను నెమ్మదిగా తుడిచేసింది. ప్రమిదలో నూనె తగ్గి వెలుగు సన్నబడింది.

"ఇంకా ఈడ నూట ఎనభైమందికి పైగా ఉండారు. వాళ్లకి బావంచాలు కాయడం నాకొచ్చా? అల్లం రసం ఎన్నాళ్లు, చండ్రచెక్క ఎంత... అదంతా నీ పని. ముళ్లు నా పని. నువ్వు పోయి రాజుకి ఆ పదకొండుమందిని చూపించు. అప్పుడు ఏ ఊళ్లోనూ ఏ ఆడదీ తన కర్మ తను వండుకోదు."

"నువ్వు?"

"వాడికి ముళ్లేసే మనిషి కావాలి. నన్ను చంపడులే."

రెండో శంఖం మోగింది. "వైద్యుడా! నీళ్లు లాగేస్తన్నయ్! మొసలి తిరగతంది!" అని రేవు నుంచి బంతిమల్లు కేక వేశాడు.

చెంగలువ లేచి, అతన్ని భుజాలు పట్టి లేపి, గడప దాకా నడిపించింది. అతను గడప దిగి వెనక్కి తిరిగాడు. "నేను పో..." అని ఆగిపోయాడు.

"గడప కాడ ఆ మాట అనకూడదు" అంది ఆమె. "వస్తా అనాలి."

"వస్తా" అన్నాడు తమాలుడు.

ఆమె తల ఊపింది. అతని వెనక, చీకటి పడుతున్న ఏట్లో, మొసలి తెల్లటి వీపు నీళ్లపైకి లేచి తెప్ప వైపు తిరిగింది. ఆమె దాన్ని చూసింది కానీ ఏమీ అనలేదు. అంటే అతను మరి కదలడు. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంటి తలుపు వేసినట్టు, చెంగలువ రెండు చేతులతో తలుపును మెల్లగా దగ్గరికి వేసింది.